వ్యాక్యూమ్ పంపు 2000 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతోంది: లోపం పంపులోనా, లైన్‌లోనా?

దేవరకొండ_కూలింగ్
అన్నలందరికీ నమస్తే. దేవరకొండ చుట్టుపక్కల స్ప్లిట్ ఏసీల సర్వీసు చేస్తుంటాను. దుబాయ్ పోతున్న మెకానిక్ ఒకాయన దగ్గర డబుల్ స్టేజ్ వ్యాక్యూమ్ పంపు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను, 4 సీఎఫ్ఎం (నిమిషానికి 4 ఘనపుటడుగుల గాలి లాగేది). గ్యాస్ వదిలే ముందు ఏసీ పైపుల్లోంచి గాలి, తడి లాగేసేది ఇదే. దానికి తోడు కొత్త డిజిటల్ మైక్రాన్ గేజ్ కొన్నాను, లోపల ఇంకా ఎంత ఒత్తిడి మిగిలిందో చూపిస్తుంది, అంకె ఎంత దిగితే అంత మంచిది. టెన్షన్ మొదలైంది అక్కడే. మ్యానిఫోల్డ్ గేజ్‌తో (హోసులు తగిలించే సూది మీటర్ల సెట్టు) పని చేసినన్నాళ్ళు ఏ గొడవా లేదు, సూది కిందికి పోయిందా, పని అయిపోయినట్టే. ఇప్పుడు 1.5 టన్ను ఇన్వర్టర్ ఏసీ, ఆర్-32 గ్యాస్‌ది, అరగంట నడిపినా 1900, 2100, మళ్ళీ 1950. అంతకన్నా దిగదు. అంతకుముందే లీకు చూడటానికి నైట్రోజన్ 300 పీఎస్ఐ పెట్టి సర్ఫ్ నీళ్ళు కొట్టి చూశాను, ఎక్కడా బుడగ రాలేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే పంపు మంచిగనే ఉంది అంటున్నాడు. గేజ్‌ని నమ్మాలా, పంపుని నమ్మాలా?

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
ముందు ఏసీని పక్కన పెట్టు తమ్మీ. హోస్ పైపులు, మ్యానిఫోల్డ్ అన్నీ తీసెయ్. ఇత్తడి ఫిట్టింగ్‌తో మైక్రాన్ గేజ్‌ని నేరుగా పంపు నోటికే బిగించి స్విచ్ వెయ్. గ్యాస్ బల్లాస్ట్ (పంపులోకి కొద్దిగా బయటి గాలి వదిలే చిన్న వాల్వు) మూసి ఉండాలి. డబుల్ స్టేజ్ పంపు బాగుంటే రెండు మూడు నిమిషాల్లో 100 కిందికి పోవాలి. అక్కడ కూడా వేలల్లోనే ఉంటే నీ ఏసీలో తప్పు లేదు. అది చూసి చెప్పు, అప్పటిదాకా ఎవరేం చెప్పినా ఊహే.

ఇంకోటి, పంపు పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది చూడు, ఆయిల్ కనపడేది. దాన్ని ఫోటో తీసి పెట్టు.

పాతబస్తా_మెకానిక్
ఇవన్నీ కొత్త వేషాలు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌కి రెండు హోసులు పెట్టుకుని ఏళ్ళ తరబడి వ్యాక్యూమ్ పెడుతున్నా. సూది 30కి పోయిందా లేదా, అంతే. మా నకిరేకల్ దిక్కు ఏ కస్టమరూ మైక్రాన్లు ఎన్ని అని అడగడు. గ్యాస్ కొట్టినాక చల్లగ వచ్చిందా లేదా అనే అడుగుతడు.

ఆర్ఏసీ_రిటైర్డ్
ఐటీఐలో ఆర్ఏసీ (ఫ్రిజ్, ఏసీల) ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి, మహబూబ్‌నగర్‌లో ఉంటాను. పై అన్న మాటకు కోపం లేదు, నా దగ్గర చదువుకున్న వాళ్ళలోనూ సగం మంది అదే చెప్తారు. కానీ ఆ సూది సంగతి ఒకసారి లెక్క చూద్దాం.

మ్యానిఫోల్డ్ నీలం గేజ్ బయటి గాలి ఒత్తిడితో పోల్చి చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి 29.92 అంగుళాల పాదరసం, అంటే 760 మిల్లీమీటర్లు. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే 28 అంగుళాల పైచిలుకు. లోపల గాలి అణువు కూడా మిగలకుండా లాగేసినా సూది 28 దాటి కొంచెం పోతుంది, అంతే. మన ఊళ్ళో సూది 30 చూపిస్తోందంటే ఆ గేజ్ సున్నా తప్పి ఉందన్న మాట. 28 దగ్గర ఆగిందని మంచి పంపును విప్పి కూర్చున్నవాళ్ళనూ చూశాను.

అసలు చిక్కు అది కాదు. ఒక మిల్లీమీటరు అంటే 1000 మైక్రాన్లు. ఒక అంగుళం అంటే 25,400 మైక్రాన్లు. మనకు కావలసింది 500. ఆ గేజ్ మీద 500 మైక్రాన్లంటే సూది మందంలో పదో వంతు కూడా ఉండదు. 5000 దగ్గర ఉన్నా 500 దగ్గర ఉన్నా కంటికి ఒకేలా కనిపిస్తుంది.

మనం వ్యాక్యూమ్ పెట్టేది గాలి లాగడానికే కాదు, తడిని ఆవిరి చేయడానికి. 25 డిగ్రీల దగ్గర నీళ్ళు మరగాలంటే ఒత్తిడి 24 మిల్లీమీటర్లకు దిగాలి, అంటే సుమారు 24,000 మైక్రాన్లు. 40 డిగ్రీల దగ్గర 55 మిల్లీమీటర్లకే మరుగుతాయి. మన నల్గొండ, పాలమూరు ఎండలు ఈ ఒక్క పనికి మేలు చేస్తాయి. వేసవి మధ్యాహ్నం లైన్ త్వరగా ఆరుతుంది, జనవరి పొద్దున ఆరదు. మరిగితే సరిపోదు, ఆ ఆవిరంతా బయటికి రావాలి. అందుకే 500 దాకా పోయేది.

పాత ఆర్-22 యూనిట్లలో మినరల్ ఆయిల్ ఉండేది, కొంత తడిని ఓర్చుకునేది. ఆర్-410ఏ, ఆర్-32 యూనిట్లలో ఎక్కువగా పీఓఈ అనే సింథటిక్ రకం ఆయిల్ ఉంటుంది. అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది, తడితో కలిసి ఆమ్లాలు తయారవుతాయి, అవి మెల్లగా కంప్రెసర్ వైండింగ్ ఇన్సులేషన్ మీద పడతాయి. ఒకసారి ఆ ఆయిల్‌లోకి చేరిన తడిని వ్యాక్యూమ్‌తో లాగడం దాదాపు కాని పని. కాబట్టి గ్యాస్ కొట్టిన రోజు చల్లగా రావడం ఒకటి, రెండో ఎండాకాలానికి కంప్రెసర్ బతికి ఉండటం ఒకటి.

ఫ్రిజ్ కంప్రెసర్ విషయం: అది తిరిగి వచ్చే గ్యాస్‌తో చల్లబడేలా చేసింది. గ్యాస్ లేకుండా నడిపితే వేడెక్కుతుంది. లాగిన తడి అంతా దాని ఆయిల్‌లోనే ఉండిపోతుంది, మార్చడానికి డ్రెయిన్ ఉండదు. దానికి మైక్రాన్ గేజ్ పెట్టి చూడండి, అంకె వేలల్లోనే ఉంటుంది.

పాతబస్తా_మెకానిక్
సార్, 30 మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది పంపు కొనడానికి పైసలున్నవాళ్ళ ముచ్చట.

దేవరకొండ_కూలింగ్
ఫ్లేర్‌నట్ అన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను. పంపు నోటి దగ్గరే 1700. ఎంతసేపు నడిపినా అంతే. ఫోటో పెట్టాను. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంది, పైన నురుగు కూడా. గీతల మధ్యనే ఉంది కాబట్టి నిండుగానే ఉందనుకున్నాను. దాని రంగు ఎట్లుండాలో పుస్తకం లేదు, పంపు ఒక్కటే ఇచ్చిండు.

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
దొరికింది. అంతా నీళ్ళు కలిసిన ఆయిల్. అమ్మినాయన ఎన్నడూ మార్చలేదు. పంపు లోపల రేకుల మధ్య సందును మూసి ఉంచేది ఆ ఆయిలే. అందులో నీళ్ళుంటే పంపు ఎంత లాగినా ఆ నీళ్ళే మళ్ళీ ఆవిరై లోపలికి వస్తుంటాయి. పంపు తన ఆయిల్‌నే ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది.

మార్చే పద్ధతి ఇది. చల్లగా ఉన్నప్పుడు వంచకు. నోరు మూసి, బల్లాస్ట్ తెరిచి ఓ పది నిమిషాలు నడుపు, ఆయిల్ వేడెక్కి పలచబడాలి. ఆపి, పాత గిన్నె కింద పెట్టి, డ్రెయిన్ నట్టు విప్పి, పంపును డ్రెయిన్ వైపుకి వంచు. మొదట ధారగా వస్తుంది, తర్వాత చుక్కలు. గిన్నెను కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీటి పూసలు కనపడినా కనపడతాయి. తర్వాత కొద్దిగా కొత్త ఆయిల్ పోసి అర నిమిషం నడిపి అదీ వంచెయ్, కడిగినట్టు అవుతుంది. ఆ ఆయిల్ కూడా మబ్బుగా వస్తే ఇంకోసారి. తేటగా వచ్చేదాకా. చివర్లో రెండు గీతల మధ్యకు నింపు, పై గీత దాటించకు, లేకుంటే ఎగ్జాస్ట్ నుంచి చిమ్ముతుంది.

వ్యాక్యూమ్ పంపు ఆయిలే వాడాలి. కంప్రెసర్ ఆయిల్ వద్దు, బండి ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. అవి వ్యాక్యూమ్‌లో తామే ఆవిరవుతాయి, అంకెను లోతుకు దిగనివ్వవు. డబ్బా మూత గట్టిగా బిగించి పెట్టు. మూత లేని డబ్బాలో కొత్త ఆయిల్ కూడా తడి పీల్చుకుంటుంది.

గద్వాల్_ఇన్‌స్టాలర్
ఎన్ని యూనిట్లకు ఒకసారి మార్చాలి అన్నా? కంపెనీ ట్రైనింగ్‌లో ఒక లెక్క చెప్పారు, డీలర్ ఇంకో లెక్క చెప్పిండు.

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
లెక్క పెట్టుకోకు, కిటికీ చూడు. కొత్త ఇన్‌స్టాలేషన్లు మాత్రమే చేసేవాడి ఆయిల్ చాలారోజులు తేటగా ఉంటుంది. కంప్రెసర్ కాలిన యూనిట్ ఒక్కటి చేస్తే ఆ రోజే నల్లబడుతుంది, కొన్నిసార్లు పని మధ్యలోనే మార్చాలి. వానాకాలంలో పైపు విప్పి వదిలేసిన యూనిట్ కూడా అంతే. నేనైతే పొద్దున బయల్దేరే ముందు నోటికి గేజ్ పెట్టి చూస్తాను. 100 కిందికి దిగకపోతే ఆయిల్ మార్చాకే బండి తీస్తాను.

పాలమూరు_గృహస్తు
నేను మెకానిక్‌ని కాదు, కొత్తగా ఏసీ కొన్నవాణ్ణి. చదువుతుంటే భయమేస్తోంది. ఏప్రిల్‌లో మా ఇంటికి ఫిట్టింగ్‌కు వచ్చిన అబ్బాయిలు పంపే తేలేదు. పైపులు బిగించి, అవుతల యూనిట్ దగ్గర వాల్వు కొంచెం తిప్పి, నట్టు వదులు చేసి బుస్సుమని గ్యాస్ వదిలి మళ్ళీ బిగించారు. అడిగితే గాలి బయటికి పోయింది సార్ అన్నారు. ఆర్-32 ఏసీ. ఇప్పుడు చల్లగానే ఉంది. ఏం చేయాలి?

ఆర్ఏసీ_రిటైర్డ్
వాళ్ళు చేసింది పర్జింగ్. ఆర్-22 రోజుల్లో చాలామంది చేసేవాళ్ళు. మీ యూనిట్ బాక్సులో వచ్చిన పుస్తకం తీసి ఇన్‌స్టాలేషన్ పేజీ చూడండి, వ్యాక్యూమ్ పెట్టమనే రాసి ఉంటుంది. పర్జింగ్‌తో రెండు నష్టాలు. కొలిచి నింపిన గ్యాస్ కొంత పోయింది. లోపల గాలి, తడి కొంత మిగిలాయి. గాలి కండెన్సర్‌లో (గ్యాస్ ద్రవంగా మారే అవుట్‌డోర్ కాయిల్) చేరి ద్రవం కాదు, ఊరికే చోటు ఆక్రమించుకుని ఒత్తిడి పెంచుతుంది. ఇప్పుడు చల్లగా ఉన్నా, 44 డిగ్రీల మధ్యాహ్నం కరెంటు ఎక్కువ లాగడం, అవుట్‌డోర్ ట్రిప్ అవడం ఉంటే దీన్ని అనుమానించాలి. కేపిలరీ (గ్యాస్ పోయే సన్నటి గొట్టం) లేదా వాల్వు దగ్గర తడి గడ్డకట్టడం ఇంకో గుర్తు: కూలింగ్ ఆగుతుంది, కాసేపు ఆపి వేస్తే మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఆగుతుంది.

వారంటీలో ఉంది కాబట్టి కంప్లయింట్ రాయించండి. బాగు చేయడమంటే ఉన్న గ్యాస్ రికవరీ చేసి (సిలిండర్‌లోకి వెనక్కి లాగి), వ్యాక్యూమ్ పెట్టి, ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం త్రాసు మీద పెట్టి కొత్త గ్యాస్ నింపడం. పైన ఇంకొంచెం గ్యాస్ కొట్టి పోతామంటే ఒప్పుకోకండి. ఎవరైనా ముందు పంప్‌డౌన్ (ఏసీని నడిపి గ్యాస్‌నంతా అవుట్‌డోర్‌లోకి చేర్చడం) చేద్దామన్నా వద్దనండి. లోపల గాలి ఉన్న యూనిట్‌ను పంప్‌డౌన్ చేస్తే గాలి, ఆయిల్, గ్యాస్ కలిసి కంప్రెసర్‌లో నలిగి పేలిన ప్రమాదాలు ఉన్నాయి.

గద్వాల్_ఇన్‌స్టాలర్
సార్ చెప్పింది నిజమే కానీ మా బాధ కూడా వినండి. ఏప్రిల్, మేలో రోజుకు ఇన్ని ఫిట్టింగులు కావాలని పైనుంచి ఒత్తిడి. యూనిట్‌కు ఇంత అని ఇస్తారు, పంపు మనమే కొనుక్కోవాలి. ఆ పిల్లల్ని ఒక్కళ్ళనే అంటే ఏం లాభం.

దేవరకొండ_కూలింగ్
ఆయిల్ మార్చాను. మొదటిది మజ్జిగ, రెండోది మబ్బు, ఆ తర్వాతది తేట. ఇప్పుడు నోటి దగ్గర 70 చూపిస్తోంది! మళ్ళీ ఏసీకి పెట్టాను. 650 దాకా దిగింది. మ్యానిఫోల్డ్ మూసి పంపు ఆపితే మాత్రం గేజ్ పరుగు, నిమిషంలో 1500, ఆగకుండా 4000, 6000. నైట్రోజన్ నిలిచిన లైన్ ఇది. ఎట్లా?

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
ఇప్పుడు హోసుల వంతు. నైట్రోజన్ పెట్టినప్పుడు ఒత్తిడి లోపలినుంచి బయటికి తోస్తుంది, రబ్బరు వాషర్లు గట్టిగా కూర్చుంటాయి. వ్యాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి తోస్తుంది, అరిగిన వాషర్ అప్పుడు దారి ఇస్తుంది. పైగా సర్ఫ్ నీళ్ళు నువ్వు ఫ్లేర్ నట్ల (పైపులు బిగించే నట్లు) దగ్గర కొట్టి ఉంటావు, నీ మ్యానిఫోల్డ్ వాల్వు కాడకు కొట్టి ఉండవు.

గేజ్ ఎట్లా పెరుగుతోందో చూడు, అదే చెప్తుంది. పెరిగి పెరిగి 1500, 2000 దగ్గర మెల్లగా నిలబడితే లోపల తడి ఇంకా ఆవిరవుతోంది, పంపు మళ్ళీ వెయ్. నిలబడకుండా పోతూనే ఉంటే గాలి వస్తోంది. నీది రెండోది.

మ్యానిఫోల్డ్‌ని మధ్యలోంచి తీసెయ్. పంపు నుంచి యూనిట్‌కు ఒక్కటే హోసు, వీలైతే 3/8 అంగుళం లావుది, పొట్టిది. 1/4 హోసులో గాలి పోయే దారి సన్నం, 4 సీఎఫ్ఎం పంపు పెట్టినా దాని బలం హోసులోనే పోతుంది. హోసు బిగించే సర్వీస్ పోర్టులో వాల్వు కోర్ (టైరు వాల్వులో ఉండేలాంటి పిన్ను) ఉంటుంది, అదీ అడ్డమే. కోర్ తీసే టూల్ దొరుకుతుంది, దానికే మూసే వాల్వు, పక్కన గేజ్‌కు నోరు ఉంటాయి. ఆర్-32 యూనిట్లకు పోర్టు సైజు 5/16 అని గుర్తుపెట్టుకో, పాత ఆర్-22 ది 1/4. గేజ్ ఎప్పుడూ యూనిట్ వైపే ఉండాలి. పంపు దగ్గర పెడితే పంపు అంకె చూపిస్తుంది, లైన్ అంకె కాదు.

దేవరకొండ_కూలింగ్
టూల్ కోసం హైదరాబాద్ పోవాల్సిందేనా అన్నా?

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
రాణిగంజ్ పోతే చూసి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ ఉంది. అప్పటిదాకా హోసు వాషర్లన్నీ మార్చు, పైసల్లో పని.

హాలియా_ఎలక్ట్రిషియన్
అందరూ ఆయిల్, హోసులు అంటున్నారు, కరెంటు గురించి ఎవరూ అనలేదు. పంపు నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి, లైన్ లోపల వ్యాక్యూమ్, పంపులో ఆయిల్. ఆ వ్యాక్యూమ్ పంపు ఆయిల్‌ని వెనక్కి లాగుతుంది, హోసు దాటి ఏసీ లైన్‌లోకి. కొన్ని పంపులకు దీన్ని ఆపే వాల్వు లోపలే ఉంటుంది, చవక వాటికి ఉండదు. లేకపోతే పక్కన ఓ మనిషిని కూర్చోబెట్టాలి, కరెంటు పోగానే వాల్వు మూయడానికి. మామూలుగా ఆపేటప్పుడూ అంతే: ముందు వాల్వు మూయాలి, తర్వాతే స్విచ్.

లో వోల్టేజీ ఇంకో బెడద. రెండో అంతస్తు నుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి పంపు వేస్తే గుంయ్‌మంటుంది, తిరగదు. అట్లనే వదిలేస్తే వైండింగ్ పోతుంది. వెంటనే ఆపి, లావు వైరు, పొట్టి వైరు పెట్టండి. చలికాలం పొద్దున ఆయిల్ గట్టిపడి కూడా ఇట్లానే మొరాయిస్తుంది. అప్పుడు నోటి మూత తీసి కొన్ని క్షణాలు గాలితో తిప్పితే అందుకుంటుంది.

పాతబస్తా_మెకానిక్
బండి మీద తీసుకుపోతే ఆయిల్ కారుతుందంట కదా. మా రోడ్ల మీద ఎట్లా మోయాలి దాన్ని?

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
నిలువుగా, స్కూటీ కాళ్ళ దగ్గర, బక్కెట్‌లో. ఎగ్జాస్ట్ మూత బిగించుకో. పని చేసే ఇంటికి చేరాక ఆ మూత తీయడం మాత్రం మరవద్దు, మూత ఉండగా నడిపితే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు తన్నుకుపోతుంది. పంపు కింద పాత అట్టముక్క వెయ్. ఎగ్జాస్ట్ పొగలో ఆయిల్ ఉంటుంది, తెల్ల టైల్స్ మీద మరక పడితే ఇంటామె నీ పైసల్లో కోస్తుంది.

ఇక్కడ మాకు ఇంకో బాధ, రైస్ మిల్లుల ఆఫీసుల్లో ఏసీలు. పైపు కోసి ఐదు నిమిషాలు వదిలితే ఊక దుమ్ము లోపల. పంపు తడిని లాగుతుంది కానీ ఊకను లాగదు, అది పోయి కేపిలరీకి అడ్డం పడుతుంది. మిల్లుల్లో పైపు మూతికి టేపు చుట్టకుండా నేను పక్కన పెట్టను.

ఆర్ఏసీ_రిటైర్డ్
ఆర్-32 కొద్దిగా మండే గ్యాస్ అని కూడా గుర్తుండాలి. కొన్ని ఏసీల్లో వస్తున్న ఆర్-290 అయితే ప్రొపేనే, బాగా మండుతుంది. గ్యాస్ నిండిన లైన్‌కి పంపు తగిలించకండి. ముందు గ్యాస్‌ను రికవరీ చేసి, లైన్‌లో నైట్రోజన్ పంపించి, అప్పుడు పంపు. మామూలు పంపు మోటారులో, స్విచ్‌లో నిప్పురవ్వ వస్తుంది. ఆర్-290 పనికి స్పార్క్ రాని పంపే వాడాలి, గాలి ఆడే చోట పెట్టాలి.

ఇంకో రెండు మాటలు. లీకు పరీక్షకు నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ సిలిండర్ పెట్టేవాళ్ళున్నారు. ఆక్సిజన్, ఆయిల్ కలిస్తే పేలుడే. అలాగే వ్యాక్యూమ్‌లో ఉన్న యూనిట్‌ని సరదాకి కూడా స్టార్ట్ చేయకండి. ఆ పలచని స్థితిలో కంప్రెసర్ టెర్మినళ్ళ మధ్య కరెంటు దూకి వైండింగ్ కాలిపోతుంది.

షాద్‌నగర్_కార్ఏసీ
కారు ఏసీలకూ ఇదే పంపు వాడుతున్నాను, ఇబ్బంది లేదు, కప్లర్లు వేరే పెట్టుకోవాలి అంతే. కాకపోతే కారులో రబ్బరు పైపులు ఎక్కువ కాబట్టి స్ప్లిట్ ఏసీ అంత గట్టిగా అంకె నిలబడదు. దాని మీద గాబరా పడి లీకు వెతుకుతూ రోజంతా పోగొట్టుకోకండి.

దేవరకొండ_కూలింగ్
కోర్ టూల్ వచ్చింది. మ్యానిఫోల్డ్ లేకుండా ఒక్క లావు హోసుతో పెట్టాను. ఇంతకుముందు అరగంటలో కానిది ఈసారి పావుగంటలోపే 400 దాటి కిందికి పోయింది. వాల్వు మూసి పంపు ఆపి పది నిమిషాలు కూర్చున్నాను. 380 నుంచి 520కి వచ్చి అక్కడ నిలబడింది. పాస్ అయినట్టేనా? కోర్ తీసి ఉంది, గేజ్ ఇంకా పెట్టే ఉంది. గ్యాస్ ఇప్పుడే వదలాలా?

మిర్యాలగూడ_ఫ్లేర్‌నట్
పాస్. అవుట్‌డోర్‌లో ఫ్యాక్టరీ గ్యాస్ ఉన్న కొత్త యూనిట్ అయితే టూల్ వాల్వు మూసే ఉంచి, అలెన్ కీతో లిక్విడ్ వాల్వుని కొద్దిగా తిప్పు, లైన్ లోపల ఒత్తిడి సున్నా దాటి పైకి రానీ. తర్వాత కోర్ వెనక్కి పెట్టి టూల్ తీసెయ్, అప్పుడు గాలి లోపలికి పోదు. ఆ తర్వాత రెండు వాల్వులూ పూర్తిగా తెరువు. గ్యాస్ వదిలే ముందు గేజ్ పుస్తకంలో అది ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చూసుకో, తట్టుకోనిదైతే ముందే దాని నోరు మూసెయ్. సెన్సర్‌లోకి ఆయిల్ పోతే అంకెలు తప్పుతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి కడిగి ఆరబెట్టాలి, పుల్లలు పెట్టి గోకవద్దు.

పాత యూనిట్ అయితే త్రాసు మీద సిలిండర్ పెట్టి ప్లేటు బరువు ప్రకారం నింపు. పంపు నోటికి మూత పెట్టడం మర్చిపోకు, తెరిచి ఉంచితే కొత్త ఆయిల్ వారానికే మబ్బు అవుతుంది.

దేవరకొండ_కూలింగ్
కొత్త యూనిట్టే అన్నా. తెరుస్తున్నాను. వంచిన పాత ఆయిల్ డబ్బా నిండింది, దాన్నేం చేయాలి?

హాలియా_ఎలక్ట్రిషియన్
మోరీలో పోయకు. బండి సర్వీసు సెంటర్లలో పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్ళు వస్తారు, ఆ డ్రమ్ములోనే వెయ్యి. కంప్రెసర్ కాలిన యూనిట్‌ది మాత్రం చేత్తో ముట్టకు, గ్లవ్స్ వేసుకో.